ప్రాథమికోపాధ్యాయులకొక విన్నపము

ఈ వ్యాసమును ప్రాథమిక పాఠశాలలలో పని చేయు ఉపాధ్యాయ సోదరులను, ఉపాధ్యాయినులను ఉద్దేశించి వ్రాయుచున్నాము. పాఠశాలల మేలు కోరు పెద్దమనుష్యులు గూడ దీనిని చదువుదురుగాక. మేము వృత్తిచేత న్యాయవాదులము, బోధకులము కాము. బోధనను గూర్చి చెప్పుటకు మీకధికార మెక్కడిదని ఎవరైన అడిగినచో మా సమాధాన మిది: పాఠశాలలో విత్తినది ఇరువది యేండ్ల పిదప ఎట్లు పండినదో ఉపాధ్యాయుడు తఱచుగా చూడడు, మేము చూచుచున్నాము. ఆ పంట దస్తావేజుల రూపమున, వాదపత్రముల రూపమున మా బల్లమీదికి వచ్చుచున్నది.

కొన్ని సంవత్సరముల క్రిందట గోదావరి లంకలలోని యొక గ్రామమునుండి ముప్పది యైదేండ్ల స్త్రీ యొకతె మా కచేరీకి వచ్చినది. తండ్రి గతించిన పిదప అన్నలామెను రిజిస్ట్రారు కచేరీకి తీసికొనిపోయి, బ్యాంకు అప్పునకు సంబంధించిన కాగితమని చెప్పి సంతకము చేయించిరి. అది హక్కువిడుదల దస్తావేజు. తండ్రి కొబ్బరితోటలో తనకు రావలసిన భాగమును అన్నలకు వదలుకొన్నట్లు అందు వ్రాయబడియున్నది. కూతుండ్రకు భాగమిచ్చు చట్టము మన రాష్ట్రమునకు క్రొత్తది కాదు. హిందూ వారసత్వ చట్టమునకు ఆంధ్రప్రదేశ్ రాష్ట్రము చేసిన సవరణ 1985 సెప్టెంబరు 5వ తేది మొదలు అవివాహితలైన కుమార్తెలకు కుమారులతో సమానమైన హక్కు నిచ్చెను. 2005లో కేంద్రచట్టము ఆ హక్కును దేశమంతటికిని, వివాహితలకును వ్యాపింపజేసెను. చట్టమిచ్చినదానిని ఆమె ఒక్క సంతకముతో పోగొట్టుకొన్నది.

“ఏమమ్మా, చదవకుండానే సంతకం చేశావా?” అని అడిగితిమి.

“సంతకం వచ్చండి, సదవడం రాదండి. అయిదో తరగతి దాకా బళ్లోకెళ్లేనండి” అని ఆమె బదులు చెప్పినది.

దస్తావేజు చేతికిచ్చి చదువుమంటిమి. ఒక్కొక్క యక్షరమును వ్రేలితో పట్టుకొని “హ... క్కు... వి... డు...” అని పలికినది. నాలుగు పంక్తులు ముగియునప్పటికి మొదటి పంక్తి మఱచిపోయినది. అందేమున్నదని అడుగగా తలవంచుకొన్నది. మఱి బడిలో ఏమి నేర్పిరమ్మా యని అడిగితిమి. ఆమె ముఖము తేటపడినది. నిలుచుండి ఒక శతకపద్యమును ఊపిరి తీయకుండ అప్పగించినది. పదమూడవ యెక్కము నొక్క తప్పు లేకుండ చెప్పినది. పద్యమున కర్థమేమని అడిగితిమి. “అర్థం సెప్పలేదండి” అన్నది.

ఇందలి విపరీతమును చదువరులు గమనింతురుగాక. ఆమె యేనాడును బడిముఖము చూడక, ఆ కాగితముపై వ్రేలిముద్ర వేసియున్నచో న్యాయస్థానము ఆమెను కొంత కనికరముతో చూచియుండును. చదువురాని స్త్రీచేత వ్రాయించుకొన్న పత్రమును ఆమెకు చదివి వినిపించి, అర్థము తెలిపియే వ్రాయించుకొంటిమని నిరూపించు భారమును న్యాయస్థానములు సాధారణముగా పత్రము పొందినవారిమీద నుంచును. సంతకము చేసినవారు మాత్రము చదివియే చేసిరని తలచును. కావున అయిదేండ్లు బడికి పోయి ఆమె నిరక్షరాస్యులకు చట్టమిచ్చు కాపుదలను పోగొట్టుకొన్నది. చదువువలన కలుగు కాపుదల ఆమెకు దొరకనే లేదు. ఆ వ్యాజ్యమేమైనదో చివర చెప్పెదము.

ఈ లోపమునకు ఆమె ఉపాధ్యాయుని ఒక్కని నిందించుట న్యాయము కాదు. ఇది మన బడులకు రెండు వందల యేండ్లనుండి అంటియున్న జాడ్యము. 1822లో మదరాసు గవర్నరు సర్ తామస్ మన్రో దొర రాజధానిలోని విద్యాస్థితిని విచారింపుమని కలెక్టర్లకు వ్రాయగా, 1823 ఆగస్టులో బళ్లారి కలెక్టరు ఎ.డి. కాంబెల్ దొర తన మండలములోని తెలుగు, కన్నడ వీధిబడులను గూర్చి ఒక దీర్ఘలేఖ పంపెను. ఉదయమున అందఱికంటె ముందు వచ్చిన పిల్లవాని అరచేతిలో సరస్వతి పేరు వ్రాయుట, రెండవవానికి సున్న చుట్టుట, మూడవవానికి ఒక చిన్న దెబ్బ, నాలుగవవానికి రెండు, ఇట్లు పెంచుకొనుచు పోవుట అందు వర్ణింపబడినది. మా తాతగారి తరమువారు ఇట్టి సంగతులను నవ్వుచు చెప్పగా మేము చిన్నతనమున వింటిమి. ఇసుకలో వ్రేలితో అక్షరములు దిద్దుటయు, పెద్దపిల్లలు చిన్నపిల్లలకు చెప్పుటయు కాంబెల్ దొరకు మిక్కిలి నచ్చినవి. ఆ పద్ధతినే మదరాసులో చూచి ఆండ్రూ బెల్ అను మతాధికారి 1797లో పుస్తకము ప్రకటింపగా ఇంగ్లండులో అది ‘మదరాసు పద్ధతి’ యను పేర ప్రసిద్ధికెక్కెను.

కాంబెల్ దొరకు నచ్చనిది మఱియొకటి. పిల్లలకు నేర్పు పద్యముల భాష వారు మాటలాడు భాష కాదు. వారు వానిని తప్పు లేకుండ అప్పగింతురు, అర్థము మాత్రము చిలుకకు తెలిసినంతయే తెలియును. ఆయన లేఖలోని ఈ భాగమును మేము చదివిన నాడు మా కచేరీలో నిలుచుండి పద్యము చెప్పిన ఆ స్త్రీయే కన్నులకు కట్టినది. ఆ లేఖకును ఆమెకును నడుమ ఇంచుమించు రెండు శతాబ్దములు గడచినవి.

మన్రో దొర 1826 మార్చిలో లెక్కలన్నియు కూర్చి చూడగా మదరాసు రాజధానిలో 12,498 బడులు తేలినవి. బడిపంతులునకు నెలకు ఆఱేడు రూపాయలకంటె ఎక్కువ రాకడ లేదనియు, ఆ జీతమునకు తగినవారు ఈ వృత్తిలోనికి రారనియు ఆయన స్పష్టముగా వ్రాసెను. నేటి ప్రభుత్వోపాధ్యాయుని జీతమునకు ఆ మాట చెల్లదు. మన పట్టణములలో చిన్నచిన్న ప్రైవేటు పాఠశాలలలో పని చేయు యువతుల జీతములు తెలిసినవారు మాత్రము మన్రో మాట ఇంకను పూర్తిగా పాతబడలేదని ఒప్పుకొందురు.

మన గోదావరి మండలమునకు ఈ చరిత్రలో ప్రత్యేకస్థానము గలదు. ధవళేశ్వరపు ఆనకట్ట 1852లో ముగిసి డెల్టాభూములకు నీరు పాఱిన కొలది కాలమునకే, రాజమహేంద్రవరము సబ్ కలెక్టరుగా నున్న జి.ఎన్. టెయిలర్ దొర ప్రోత్సాహమున నరసాపురపు ప్రాంతములోని రైతులు తమ శిస్తుపై కొంత అదనముగా చెల్లించి గ్రామములలో బడులు నిలుపుకొనిరి. తరువాత ఇట్టి పన్నునకు చట్టబలము కలిగించుటకు 1863లో మదరాసు విద్యాచట్టము పుట్టెను. నరసాపురములో టెయిలర్ ఉన్నతపాఠశాల నేటికిని ఆయన పేర నున్నది. దొరవారి దయవలన మనకు చదువు వచ్చినదని చెప్పువారు, ఆ బడుల ఖర్చు రైతు తన ధాన్యము నమ్మి యిచ్చినదని గూడ జ్ఞాపకముంచుకొనవలెను. తన రూకలు పెట్టి బడి నిలుపుకొన్నవాని బిడ్డకు చదువు రాకపోయినచో అది అప్పుగా నిలిచిపోవును.

ఆ రైతులకు అప్పు తీరకుండ చేసినది ఫలితములను బట్టి ద్రవ్యసహాయ మిచ్చు పద్ధతి. పంతొమ్మిదవ శతాబ్దపు ఉత్తరార్ధమున ఇది మన రాజధానిలో బలముగా నడచెను. తనిఖీదారు ఏటి కొకమాఱు వచ్చును. ఎందఱు పిల్లలు పరీక్షలో నెగ్గిరో అంత ద్రవ్యము. పంతులు పొట్టకూటికి ఆ ఒక్క దినమే యాధారము. ఇక ఆయన ఏమి చేయును? వాచకములోని పాఠములను పిల్లలచేత కంఠస్థము చేయించును. పుస్తకము తలక్రిందుగా పట్టుకొన్నను పిల్లవాడు గడగడ చదువును. 1904లో కర్జను ప్రభువు విద్యావిధాన ప్రకటన ఈ పద్ధతిని విడువవలెనని చెప్పినది. పద్ధతి పోయినది గాని అది నేర్పిన అలవాటు పోలేదు. 2022లో దేశమునందలి గ్రామములలో జరిగిన ‘అసర్’ సర్వే ప్రకారము 5వ తరగతి పిల్లలలో నూటికి సుమారు 43 మంది మాత్రమే 2వ తరగతి పాఠమును చదువగలిగిరి. కరోనా కాలమున బడులు మూయబడుట అందుకొక కారణమే; అంతకు ముందును ఆ సంఖ్య సగమునకు అటునిటుగనే యుండెను. చదువలేని తక్కినవారు గూడ హాజరుపట్టీలో 5వ తరగతివారే.

ఇక పనిలోనికి వత్తము. మేము చెప్పబోవునవి పాఠశాలలలో కూర్చుండి చూచినవి, అనుభవశాలులైన ఉపాధ్యాయులవలన విన్నవి.

మొదట అక్షరముల సంగతి. మన వర్ణమాల క్రమము వ్యాకరణవేత్తలకు ముచ్చటయైనది. కంఠమునుండి పెదవులవఱకు ఉచ్చారణస్థానములను బట్టి అమర్పబడినది. అయిదేండ్ల బిడ్డకు ఆ క్రమముతో పని లేదు. ఋ, ౠ, ఙ, ఞ లు దిద్దుచు రెండు మాసములు గడపిన శిశువు ఆ రెండు మాసముల తుదను ఒక్క మాటయు చదువలేడు. ప, వ, డ, ద, ల, ర, న, స, గ, త అను పది యక్షరములు మొదట నేర్పి చూడుడు. గుణింతముతో పని లేకయే పడవ, వల, వరద, పనస, తల, గడప, వలస అను మాటలు వచ్చును. లంకలోని బిడ్డకు ఈ మాటలలో ఒక్కటియు క్రొత్తది కాదు. తానెఱిగిన వస్తువు పలకమీద నుండి తనను పిలిచినట్లు తోచి ముఖము వికసించును. ఆ వికాసమే చదువునకు ప్రారంభము. వీనిలో ప–వ, న–స, డ–ద అను జంటలు చూపునకు దగ్గఱగా నుండును. జంటలోని రెండింటిని ఒకే వారమున నేర్పరాదు. ఒకటి కుదిరిన పిదప రెండవదానిని ప్రక్కన వ్రాసి భేదమెక్కడనో పిల్లవానినే చూపుమనవలెను.

గుణింతమును పాటగా పాడించుట మన ఆచారము. పాడింపవచ్చును, వినుట కింపుగనే యుండును. పాట ముగిసిన పిదప నల్లబల్లమీద ‘మీ’ని ఒంటరిగా వ్రాసి అడుగుడు. మ నుండి పాడుకొనుచు వచ్చినగాని చెప్పలేని పిల్లవానికి గుణింతపు పాట వచ్చినది, గుణింతము రాలేదు.

వత్తులదగ్గఱ మన పిల్లలు గుంపులు గుంపులుగా నిలిచిపోవుచున్నారు. కారణము తెలిసికొనకుండ మందమతులని నిందించుచున్నాము. గ, డ, ప, వ మొదలగువాని వత్తు తలకట్టు లేని ఆ యక్షరమునకు దగ్గఱగా నుండును, చూచి పోల్చుకొనవచ్చును. త, న, మ, య, ర, ల మొదలగు కొన్ని మాత్రము క్రిందికి దిగగానే గుర్తుపట్టరాని వేషము వేయును. విచిత్రమేమనగా, ఇంటిలోని మొదటి మాటలైన అమ్మ, అన్న, అత్త, అయ్య, పిల్ల అనునవన్నియు ఈ మాఱువేషపు వత్తులతోనే యున్నవి. సులభమని తలచి మనము మొదట చూపు మాటలే శిశువునకు కఠినము. కావున వీనికి రెండు వారములు ప్రత్యేకముగా కేటాయింపవలెను. అక్షరమును దాని వత్తును ప్రక్కప్రక్కన వ్రాసిన అట్టముక్కలతో జతలు కూర్చు ఆట పెట్టిన ఒక ఉపాధ్యాయినిని మేమెఱుగుదుము. ఆమె తరగతిలో ఆ చిక్కు పదునైదు దినములలో తీరినది. అట్టలు ఊరిలోని మందుల దుకాణమువాడు పారవేసినవి.

ఇప్పుడు అన్నిటికంటె ముఖ్యమైనది. చదివిన ప్రతి వాక్యమునకు తరువాత “ఏమి జరిగినది?” అని అడుగవలెను. వాచకములో “కాలువకు నీరు వదలిరి” అని యున్నదనుకొందము. పిల్లవాడు చదివి “కాలవకి నీళ్లొదిలేరండి” అని చెప్పినచో వాడు పరిపూర్ణముగా నెగ్గినాడు. అప్పుడు “అట్లనరాదు, వదలిరి అనవలె” నని గద్దించు ఉపాధ్యాయుడు అప్పుడే వెలిగిన దీపమును ఊదివేయుచున్నాడు. ఇంటిభాషలో అర్థము చెప్పుట తప్పు కాదు. అర్థము తెలిసినదనుటకు అంతకంటె నిదర్శనము లేదు. పుస్తకభాషను పిమ్మట మెల్లగా నేర్పవచ్చును.

ఈ సంగతిని మనకు గట్టిగా చెప్పినవారు గిడుగు రామమూర్తి పంతులుగారు. ఆయన 1880లో పర్లాకిమిడిలో చిన్న తరగతుల ఉపాధ్యాయుడుగా జీవిత మారంభించెను. సవరల పిల్లలకు తెలుగులో చెప్పిన ప్రయోజనము లేదని గ్రహించి, తానే సవరభాష నేర్చుకొని, ఆ భాషలో పుస్తకములు వ్రాసి, సొంతసొమ్ముతో బడి పెట్టెను. శిష్యుని భాష గురువు నేర్చుకొనవలెనన్న ఆలోచన ఆ కాలమున ఎందఱికి తోచినది? పిమ్మట పాఠశాలల పరీక్షాధికారిగా వచ్చిన జె.ఎ. యేట్స్ దొర, ప్రజలు మాటలాడు తెలుగు ఒకటి, పుస్తకములలోని తెలుగొకటి యేల యని అడిగిన ప్రశ్న ఆయనను వాడుకభాషోద్యమములోనికి దింపినది. గ్రాంథికమున అసంఖ్యాకములైన గ్రంథములు వ్రాసిన వీరేశలింగము పంతులుగారు గూడ 1919 ఫిబ్రవరిలో రాజమహేంద్రవరమున వ్యావహారికభాషకొఱకు ఏర్పడిన సమాజమునకు అధ్యక్షత వహించిరి, రామమూర్తిగారు కార్యదర్శి. అదే సంవత్సరము మే 27న వీరేశలింగముగారు గతించిరి. డెబ్బది యేండ్ల వయస్సున తన జీవితకాలపు అలవాటునకు విరుద్ధమైన సత్యము నొప్పుకొనుట సామాన్యము కాదు. ఈ మాటలను గ్రాంథికములోనే వ్రాయుచున్న మమ్ము చూచి చదువరులు నవ్వవచ్చును. నవ్వుట న్యాయమే. మేము పెద్దవారికి వ్రాయుచున్నాము. ఆఱేండ్లవారికి వ్రాయవలసివచ్చిన నాడు ఈ భాష ముట్టము.

చదువు వచ్చినదో లేదో తెలిసికొనుటకు వాచకము పనికిరాదు; వాచకము వారికి కంఠస్థమైనది. శుభలేఖ, ఎరువుల బస్తామీది వ్రాత, బస్సుమీది ఊరిపేరు, రేషన్ కార్డు, మందుసీసామీది చీటీ, తల్లిగారి పొదుపుసంఘపు పుస్తకము, ఇట్టివి తెమ్మని చెప్పి చదివింపుడు. నెలకొకమాఱు చాలును. మా కచేరీకి వచ్చిన ఆ స్త్రీకి 5వ తరగతిలో ఎవరైన ఒక్క శుభలేఖ యిచ్చి “పెండ్లి ఏనాడు? ఎక్కడ?” అని అడిగియున్నచో ఆమె చదువులోని డొల్ల ఆనాడే బయటపడియుండును.

లెక్కలను గూర్చి ఒక్కమాట మాత్రము. ఎక్కములు రావలెను, మా వ్యతిరేకత లేదు. కాని పదమూడవ యెక్కము వచ్చిన ఆ స్త్రీకి నూటికి రెండు రూపాయల వడ్డీ ఏడాదికెంతయగునో తెలియలేదు.

లంకగ్రామముల బడులలో ఒకరో ఇద్దరో ఉపాధ్యాయులు అయిదు తరగతులకు చెప్పుచున్నారు. ఇందఱికి ఇన్ని పాఠములు ఎట్లు చెప్పుదుమని వారు మొఱపెట్టుకొనుట నిజము. అందుకు ఉపాయమొకటి దేశమున పలుచోట్ల సాగినది. దినమునకొక గంట తరగతులు మఱచిపోయి, అక్షరములు రానివారినందఱ నొకచోట, మాటలు మాత్రము చదువువారి నొకచోట, కథ చదువగలవారి నొకచోట కూర్చుండబెట్టుట. నాలుగవ తరగతి పిల్లవాడు రెండవ తరగతివానితో కూర్చుండుటకు సిగ్గుపడును. దానికి మందు, బాగుగా చదువు రెండవ తరగతిదానిని కథల గుంపులోనికి పంపుట. కథ చదువగల పెద్దపిల్లలను చిన్నవారికి జతపఱచినచో మన వీధిబడులలో కాంబెల్ దొర మెచ్చిన పద్ధతియే తిరిగివచ్చును.

వరదలను గూర్చి గూడ చెప్పవలెను. శ్రావణ భాద్రపదములలో గోదావరి పొంగినపుడు లంకపిల్లలు పడవ దాటి రాలేరు. ఊడ్పుల కాలమున తల్లి కూలికి పోయిన యింట పెద్దకూతురు చంటిబిడ్డను చూచుకొనుటకు ఆగిపోవును. తిరిగివచ్చిన పిల్లను “ఇన్నాళ్లెక్కడ చచ్చితివి?” అని పలుకరించుట మేము చెవులార వింటిమి. ఆ పిల్ల మఱునాడు రాలేదు. ఒక చిన్న పుస్తకములో ఎవరికి ఏ పాఠము తప్పినదో వ్రాసికొని, వచ్చిన దినమున పావుగంట దానికి ఇచ్చినచో చాలును. హాజరుపట్టీ ప్రభుత్వముకొఱకు, ఈ పుస్తకము ఆ పిల్లకొఱకు. నేటి ఉపాధ్యాయునకు పట్టికలు నింపుట, చరవాణిలో ఛాయాచిత్రములు పంపుట మొదలగు పనులు మితిమీఱినవని ఎఱుగుదుము. ఇన్ని పుస్తకములుండగా మఱియొకటి చెప్పుచున్నందుకు క్షమింతురుగాక.

శిక్షల సంగతి న్యాయవాదులుగా చెప్పవలసినది. కోదండము, గోడకుర్చీ, తొడపాశము మన తండ్రులెఱిగినవి. 2009 నాటి విద్యాహక్కు చట్టము 2010 ఏప్రిల్ 1వ తేదినుండి అమలులోనికి వచ్చినది. దాని 17వ సెక్షను శారీరకదండనను మాత్రమే కాక మానసికవేధింపును గూడ నిషేధించినది. చట్టము బెత్తమును పట్టుకొన్నట్లే నాలుకను గూడ పట్టుకొన్నదని చాలమంది ఉపాధ్యాయు లెఱుగరు. “నీ జాతికి చదువెందుకురా”, “మీ అయ్య వలలు లాగినాడు, నీవును లాగుదువులే” అను మాటలు దండనలే. వాతలకంటె ఇవి ఎక్కువకాలము నిలుచును. మాతో చదివిన యొకడు యాబదవ పడిలోనికి వచ్చుచున్నను, తన పంతులు మూడవ తరగతిలో తనను పిలిచిన పేరును చెప్పుకొని ఇప్పటికిని ముఖము త్రిప్పుకొనును.

ఏ తరగతికి పోయినను మేము మొదట వెనుకవరుసలో కూర్చున్నవారిని చూతుము. అక్కడ ఎవరి పిల్లలున్నారు? తరగతి ఊడ్చుట కెవరిని పిలుచుచున్నారు, మంచినీటి కెవరిని పంపుచున్నారు? ఈ ప్రశ్నలు అడిగినపుడు “వారే ముందుకు వత్తురండి” అను సమాధానము వచ్చును. ఎవరును ముందుకు రారు, అలవాటు పిలుచుచున్నది. వంతులపట్టీ వ్రాసి గోడకు తగిలింపుడు. అందు మొట్టమొదట ఊరి పెద్ద కుమారుని పేరుండనిండు. కాకినాడలో పిఠాపురం రాజావారి కళాశాలకు అధ్యక్షులుగా నున్న రఘుపతి వేంకటరత్నం నాయుడుగారు (1862–1939) అస్పృశ్యులని దూరముంచబడిన కులముల బాలురను చేరదీసి వసతియు చదువును కల్పించినపుడు ఎన్ని మాటలు పడిరో మన పెద్దలు చెప్పగా వింటిమి. మధ్యాహ్నభోజనమునకు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2024లో లంకల గన్నవరపు డొక్కా సీతమ్మగారి పేరు పెట్టినది. పంక్తిభేదము లేకుండ గోదావరిని దాటివచ్చిన ప్రతివానికి అన్నము పెట్టిన తల్లి యామె. ఆమె పేరు గల భోజనమున పిల్లలు తమంత తామే కులములవారీగా ముద్దలు కట్టి కూర్చుండుట కనబడినచో, ఉపాధ్యాయుడు ఏమియు ఉపన్యసింప నక్కఱలేదు; తన పళ్లెము తీసికొనిపోయి వెనుకపంక్తిలో కూర్చున్న చాలును.

చివరకు మావంటి పెద్దమనుష్యుల సంగతి. ఒక లంకపాఠశాలలో పంద్రాగస్టునాడు బహుమతులు పంచుటకు మమ్ము పిలిచిరి. మా సంతోషముకొఱకు ముగ్గురు పిల్లలు తయారుచేయబడియుండిరి. ఒకడు పద్యము, ఒకతె యాంగ్లమున ప్రసంగము, ఒకడు దేశనాయకుల పేర్లు. మేము మెచ్చి బహుమతులిచ్చి, పంతులుగారిని పొగడి, కొబ్బరినీరు త్రాగి వచ్చితిమి. తక్కిన డెబ్బదిమంది చప్పట్లు కొట్టిరి. వారిలో ఎందఱు చదువగలరని అడుగవలెనని మాకు తోచలేదు. ఇట్లు వరుసగా మూడేండ్లు పోయితిమి. నిజమునకు, ఒక్క దినపు ప్రదర్శనకొఱకు ముగ్గురిని తయారుచేయుమని ఆ ఉపాధ్యాయునకు నేర్పినది మేమే. ఆ పాత తనిఖీదారు చేతిలో ద్రవ్యముండెను, మా చేతిలో పూలదండ, పని ఒక్కటే. నాలుగవ యేడు మాత్రము వెనుకవరుసలోని పిల్లను పిలిచి, మిఠాయి చుట్టిన కాగితమును విప్పి అందేమున్నదో చదువుమంటిమి. ఆ పిల్ల ఏడ్చినది. అందఱి యెదుట అట్లు పిలిచినది మా తప్పు. ఒంటరిగా ప్రక్కకు పిలిచి, మొదట ‘పడవ’ చూపియుండవలసినది. ఆనాటినుండి మేము బహుమతులు పంచుట మానుకొని, ఏడాదికి రెండుమాఱులు ముందుగా తెలిపి పోయి, వెనుకవరుసలో కూర్చుండి, ఒక్కొక్కరితో మెల్లగా చదివించి వచ్చుచున్నాము. ఉపాధ్యాయునకు తప్పులు చెప్పుటకు కాదు, ఏమి కావలెనో అడుగుటకు. మొదటిసారి ఆయన అడిగినది అట్టలు, రంగుపెన్సిళ్లు, రెండవ తరగతివారు చదువగల కథలపుస్తకములు పదిహేను. మొత్తము ఖర్చు మా యొక్క దినపు రుసుముకంటె తక్కువ.

ఆ స్త్రీ వ్యాజ్యము నాలుగేండ్లు నడచి రాజీతో ముగిసినది. తనకు న్యాయముగా రావలసినదానిలో సగముకంటె తక్కువ దక్కినది. రాజీపత్రముపై సంతకము చేయవలసిన నాడు ఆమె తన కుమార్తెను వెంటబెట్టుకొని వచ్చినది. ఎనిమిదేండ్ల పిల్ల, లంకలోని ప్రభుత్వపాఠశాలలో మూడవ తరగతి. తల్లి కలము పట్టుకొనక కాగితమును పిల్ల చేతికిచ్చినది. పిల్ల బల్లకు ఆనుకొని నిలుచుండి హద్దుల భాగము మెల్లగా చదివినది. ‘దక్షిణము’ దగ్గఱ కొంత తడబడినది, వెనుకకు పోయి మరల చదివినది. నాలుగు దిక్కులు ముగిసిన పిదప తలయెత్తి, తల్లివైపు కాక మావైపు చూచి, “తూర్పున కాలవని రాసేరేంటండి? మా తోటకి తూర్పుని శ్మశానం ఉందండి, కాలవ పడమటికండి” అన్నది.

మేము పటము తెప్పించి చూచితిమి. పిల్ల చెప్పినదే నిజము. రాజీపత్రము నాడు సంతకము కాలేదు, మరల వ్రాయించితిమి.